రెండు రోజులు మగ్గనివ్వండి

మే 13, మంగళవారం

జనవరిలో ఎరువుల షాపు వాళ్లిచ్చిన డైరీ ఇది. ఇంతవరకు ఒక్క అక్షరం రాయలేదు. ఈ రోజు రాయకపోతే ఎవరి మీదో ఒకరి మీద అరుస్తాను. ఇంట్లో అరవడానికి మా ఆయన ఒక్కరే దొరుకుతారు. రిటైరైన లెక్కల మాస్టారు, పొద్దున్నుంచీ నా ముఖం చూసి పేపరు అడ్డం పెట్టుకునే కూర్చున్నారు.

ఆరింటి నుంచి టీవీలో అదే. తొమ్మిది సెకన్లు. మా సబ్ కలెక్టర్ మేడమ్ సుచేతా బెహరా తలుపు దగ్గర నిలబడి ఉంటారు. "రెండు రోజులు మగ్గనివ్వండి. తర్వాత చూద్దాం" అంటారు. అని కొంచెం నవ్వుతారు. కింద ఎర్ర అక్షరాలు: 'రైతుల్ని స్టేషన్‌లో మగ్గనివ్వమన్న సబ్ కలెక్టర్'. మళ్లీ మొదటి నుంచి. యాంకరమ్మ ఏడవడం ఒక్కటే తక్కువ.

నిన్న హనుమాన్ జంక్షన్‌లో రైతులు కలెక్టర్ రకం మామిడికాయల్ని ట్రాక్టర్లలో తెచ్చి హైవే మీద పారబోశారు. జ్యూస్ ఫ్యాక్టరీల వాళ్లు కొనడం ఆపేశారు, మరి వాళ్లేం చేస్తారు? లారీలు ఆగిపోయాయి. తొమ్మిది మందిని స్టేషన్‌కి తీసుకెళ్లారు. అంతవరకూ నిజం. కానీ మేడమ్ అన్న మాట ఆ తొమ్మిది మంది గురించి కాదు. ఆఫీసులో పండడానికి గడ్డిలో పెట్టిన రసం మామిడికాయల గురించి.

గడ్డిలో మగ్గేది కాయ, జైల్లో మగ్గేది మనిషి. ఈ చుట్టుపక్కల పుట్టిన ఎవరికైనా రెండూ తెలుసు. కాయ మాటని తీసుకొచ్చి మనిషికి అంటగట్టారు. దీన్ని వార్త అంటారా?

ఆఫీసులో వినోద్ అని మా జూనియర్ అసిస్టెంట్ ఉన్నాడు. "రోడ్డు మీద పడేసింది కలెక్టర్ కాయల్ని, దొర్లింది సబ్ కలెక్టరండీ" అని జోకు వేశాడు. అందరూ నవ్వారు. నేను ఫైలు బల్ల మీద కొట్టాను. "ఆ మాట మామిడికాయల గురించి అన్నారు. తెలియకపోతే నోరు మూసుకో" అన్నాను.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు.

వీడియో ఎవరు తీశారన్నది ముఖ్యం కాదు. ఎవరు కోశారన్నదే ముఖ్యం.

మే 14

నాకు ఆవిడంటే ప్రాణమేమీ కాదు. ఇది రాసిపెట్టుకోవాలి, లేకపోతే వెనకేసుకొచ్చీ వెనకేసుకొచ్చీ ఆవిడని దేవతని చేసేస్తాను.

వచ్చి ఎనిమిది నెలలు. మొదటి వారమే ఆలస్యంగా వచ్చిన వాళ్లని కారిడార్‌లో నిలబెట్టారు. అందులో నేనూ ఉన్నాను. ముప్పై మూడేళ్ల సర్వీసులో నన్ను నిలబెట్టిన ఆఫీసరు లేరు. ఆవిడ నవ్వరు. ఎదుటివాళ్లు చెప్పేది సగంలో ఆపి "పాయింట్?" అంటారు. విలేకరుల్ని చాంబర్‌లోకి రానివ్వరు. మార్కెట్లో కమీషన్ కొట్ల వాళ్లు రైతు కాయల తూకంలో తరుగని కొంత కోసేసేవాళ్లు, అది ఆపించారు. వాళ్లకీ పడదు. ఇంతమందికి పడని మనిషి మీద ఏం వేసినా జనం నమ్ముతారు.

పైగా ఈ ఏడు బంగళా కాంపౌండ్‌లోని రసాలు స్టాఫ్‌కి పంచొద్దన్నారు. అన్నీ బాలసదనం పిల్లలకే. ఏటా నాకో బుట్ట వచ్చేది. మా రమ్యకి ఆ చెట్టు కాయంటే మహా ఇష్టం. పెళ్లై వెళ్లాక కూడా ఏప్రిల్ నుంచే అడుగుతుంది. చిన్న విషయమే. అయినా ఉక్రోషం వచ్చింది.

కాయల్ని మగ్గబెట్టే పని నాకే చెప్పారు. అక్కడే వచ్చింది తంటా. ఆవిడది ఒడిశా. తెలుగు పట్టుదలగా నేర్చుకుంటున్నారు, ఆకుపచ్చ అట్ట పుస్తకంలో కొత్త మాటలు రాసుకుంటారు. నేను దిద్దుతుంటాను. నాకది సరదా, దాచుకోవడం దేనికి. ఆ రోజు ఆవిడ "కాయలు గడ్డిలో పడుకోబెట్టండి" అన్నారు. వినోద్ ఫైలు చాటున నవ్వాడు.

"పడుకోబెట్టడం కాదండీ, మగ్గబెట్టడం అనాలి. కాయ మగ్గుతుంది, మనం మగ్గనివ్వాలి" అన్నాను.

ఆవిడ రాసుకున్నారు. పలికి చూసుకున్నారు. "మగ్గు. మగ్గనివ్వు. మగ్గనివ్వండి. కరెక్టా సుందరి గారూ?"

"కరెక్టేనండి."

రెండో అర్థం చెప్పలేదు. మామిడికాయల దగ్గర జైలు మాట ఎందుకు గుర్తొస్తుంది ఎవరికైనా?

ఇంత రాసి అసలుది రాయకుండా మూసేస్తే ఎవర్ని మోసం చేస్తున్నట్టు. వీడియో తీసింది నేనే.

సోమవారం పదకొండుంపావుకి. పాత రికార్డు రూములో. మొత్తం నలభై ఒక్క సెకన్లు. ముందు గడ్డిలో కాయలు, వెనక నా గొంతు: "చూడవే రమ్యా, ఈ ఏడు మనకి లేని కాయలు." ఈలోగా మేడమ్ తలుపు దగ్గరికి వచ్చారు. నేను ఫోను ఆపకుండా అటు తిరిగి అడిగాను, "మేడమ్, కాయలింకా గట్టిగానే ఉన్నాయండి. రేపు పంపించేద్దామా?" దానికే ఆవిడ "రెండు రోజులు మగ్గనివ్వండి. తర్వాత చూద్దాం" అన్నారు. నేర్చుకున్న మాట సరిగ్గా వాడానన్నట్టు నా వైపు చూసి నవ్వారు. ఎనిమిది నెలల్లో నేను చూసిన ఒకే ఒక్క నవ్వు. దాన్నే టీవీలో వెటకారం అంటున్నారు.

అప్పటికి జంక్షన్‌లో ఎవర్నీ పట్టుకోలేదు. రైతుల్ని స్టేషన్‌కి తీసుకెళ్లింది ఒంటిగంట దాటాక.

వీడియో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందులో ఉన్నది నలుగురం. నేను, మా ఆయన, రమ్య, అల్లుడు గారు. అల్లుడు గారు ఉదయశంకర్ హనుమాన్ జంక్షన్‌లో ఈ తొమ్మిది సెకన్లు వేస్తున్న ఛానెల్‌కే కంట్రిబ్యూటర్, అంటే జీతం లేని విలేకరి.

మే 15

స్టేషన్‌కి తీసుకెళ్లిన వాళ్లలో బాపులపాడు పెద్దాయన ఉన్నారు. బసవపున్నారావు అని. షుగర్ మనిషి, తిండి లేక సాయంత్రం కళ్లు తిరిగి పడ్డారు. ఈ రోజు వాళ్లావిడ గోవిందమ్మ టీవీలో. తల మీద కొంగు జారిపోతున్నా చూసుకోకుండా తిడుతోంది.

"మగ్గనివ్వమందంట ఆ మహాతల్లి! మా ఆయనేమన్నా మామిడికాయంటమ్మా, మగ్గబెట్టడానికి?"

నేను కుర్చీలోంచి లేచిపోయాను. అసలు నిజం ఆవిడ నోట్లోంచే వచ్చింది. ఎవరికీ వినపడలేదు. యాంకరమ్మ "హృదయవిదారకం" అంది.

సోమవారం సాయంత్రం స్టేషన్‌కి ఫోను కలిపింది నేనే. "అందర్నీ ఇంటికి పంపండి. ముందు ఆ పెద్దాయనకి తినడానికి ఏదైనా పెట్టండి" అని మేడమ్ చెప్పడం నా చెవులతో విన్నాను. అది ఏ ఛానెల్లోనూ రాలేదు. స్టాఫ్ గ్రూపులో ఈ సంగతంతా పెద్ద మెసేజ్ పెట్టాను. మీడియాని ఉతికి ఆరేశాను. ఇరవై ముగ్గురు దండం బొమ్మ పెట్టారు.

ఆ మెసేజ్‌లో వీడియో సంగతి లేదు.

మే 16

మేడమ్ పిలిచారు. వీడియో గురించే అనుకున్నాను. భూముల రీసర్వే ఫైలు గురించి. రెండు నిమిషాల్లో పంపించేశారు.

ఆ రోజు నా చేతిలో ఫోను చూశారు ఆవిడ. ఎవరు తీశారో తెలియక కాదు. ఎందుకు అడగరు?

మే 18, ఆదివారం

రమ్య, అల్లుడు గారు వచ్చారు. మామిడికాయ పప్పు, గుమ్మడికాయ వడియాలు. అల్లుడు గారికి వడియాలంటే ఇష్టమని మళ్లీ వేయించాను. వడ్డిస్తూ ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆయనే మొదలుపెట్టారు.

"అత్తయ్య గారూ, ఆర్డర్ వచ్చిందండీ. స్టాఫ్ రిపోర్టర్. ఆరేళ్లైంది ఈ మైకు పట్టుకుని. ఒకటో తారీఖు నుంచి ఏలూరు ఆఫీసు."

"సంతోషం బాబూ" అన్నాను. నిజంగానే సంతోషం వేసింది. ఆ అబ్బాయి ఎండలో బండి మీద తిరగడం చూడలేకపోయేదాన్ని. నా సంతోషం మీద నాకే అసహ్యం వేసింది. రెండూ ఒకేసారి.

మజ్జిగ పోసేటప్పుడు అడిగాను. "మీరు వేసిన దాంట్లో ముందు నా ప్రశ్న ఉండాలి కదా బాబూ. కాయలు గట్టిగా ఉన్నాయండీ అని."

అల్లుడు గారు కంచంలోంచి చెయ్యి తీశారు. మా ఆయన తల ఎత్తలేదు.

"నేను లేని మాట పెట్టలేదండీ. ఆవిడ అన్న మాటే కదా వేశాను."

"కాయల గురించి అన్నారు."

"ఛానెల్ డెస్క్ వాళ్లు తొమ్మిది సెకన్లే అడిగారండీ. నేను పంపింది ఎక్కువే. కింద ఆ అక్షరాలు వాళ్లు వేసుకున్నారు." మజ్జిగ గ్లాసు పక్కకి జరిపారు. "మరి రైతుల బాధ అబద్ధమా అత్తయ్య గారూ? ఈ గొడవ అయ్యాకే కదా ఫ్యాక్టరీల వాళ్లతో మీటింగ్ పెట్టారు. ఒక ఆఫీసరుకి బదిలీ అయితే ఏంపోతుంది? వాళ్లకి ఇంకో బంగళా ఇస్తారు. మాకు ఎవరిస్తారు?"

ఇంకొంచెం మజ్జిగ పొయ్యమంటారా అని అడిగాను.

గిన్నెలు తోముతుంటే రమ్య వెనకాల వచ్చి నిలబడింది. "అమ్మా, గ్రూపులోది నేను తీసేశాను. నీ ఫోన్లోది కూడా తీసెయ్. ఆరేళ్లకి వచ్చింది ఆయనకి. నీ నోటితో పోగొడతావా?"

"నేనెవరికి చెప్పాను?"

"నువ్వు చెప్పకుండా ఉండలేవు. నాకు తెలుసు నీ సంగతి. ఎవరు తప్పు మాట్లాడినా దిద్దకుండా ఉండలేవు."

మే 19

వీడియో తీసేశాను. పీడ వదిలింది.

మే 20

తీసేయలేదు. ఇక్కడ కూడా ఎందుకు అబద్ధం రాశానో తెలియడం లేదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

రేపు ఏలూరు నుంచి పెద్దాఫీసరు విచారణకి వస్తారట. స్టాఫ్‌ని ఒక్కొక్కర్నీ పిలుస్తారట.

మే 21

వివరంగా రాస్తాను. రాస్తే ఎక్కడ తప్పానో కనపడుతుంది.

మీటింగ్ హాల్లో విచారణ అధికారి ప్రభాకరరావు గారు, పక్కన ఒక స్టెనో. మనిషి మంచివారే. మంచినీళ్లు తాగమన్నారు.

"పేరు?"

"బాలాత్రిపురసుందరి. సీనియర్ అసిస్టెంట్."

"ఆ వీడియో చూశారు కదా. ఆ తలుపు ఎక్కడిదమ్మా?"

"పాత రికార్డు రూమ్‌దండి."

"మామిడికాయల గురించి స్టాఫ్‌లో ఒకరితో అన్నాను అని మేడమ్ చెప్తున్నారు. ఎవరితో అంటే పేరు చెప్పరు. 'వాళ్లే చెప్పాలి' అంటున్నారు. తెలుగు మాటల పుస్తకం ఒకటి చూపించారు. అందులో 'మగ్గు' అని రాసి పక్కన కాయ బొమ్మ వేసుకున్నారు. అది నిన్న రాసుకున్నా రాసుకోవచ్చు కదా? అందుకని అడుగుతున్నాను. ఆ టైములో అక్కడ ఎవరున్నారు?"

కిటికీలోంచి కారిడార్ కనిపిస్తోంది. మేడమ్ అక్కడ నిలబడి ఉన్నారు. మొదటి వారంలో మమ్మల్ని నిలబెట్టిన చోటే.

"గుర్తు లేదండి" అన్నాను.

స్టెనో రాసుకుంది. సంతకం పెట్టమంటే పెట్టాను.

గుర్తు లేదు అనడం అబద్ధం కాదు. యాభై ఎనిమిదేళ్ల దాన్ని, ఏ రోజు ఎక్కడ ఉన్నానో అన్నీ గుర్తుంటాయా? ఆవిడ మామిడికాయల గురించే అని ఉంటారు, మేడమ్ అలాంటి మనిషి కాదు అని గట్టిగా చెప్పాను. నాకంటే గట్టిగా ఆవిడ తరపున మాట్లాడిన వాళ్లు ఆఫీసులో లేరు. వినోద్ అయితే "నేను లీవులో ఉన్నానండీ" అని బయటపడ్డాడు.

ఆఫీసులో వీడియో తీయడం నేరం కూడా. ఇంకో నాలుగేళ్ల సర్వీసు ఉంది.

అది కారణం కాదు. రమ్య కారణం. రమ్యే కారణం.

మే 22

గుర్తు లేదండి. గుర్తు లేదండి. ఎంత చక్కగా వచ్చింది నోటికి.

మే 23

ఆర్డర్ వచ్చేసింది. మేడమ్ రేపు రిలీవ్ అవ్వాలి. కొత్త పోస్టింగ్ రాయలేదు. విచారణ రిపోర్టు ఇంకా రాసి పంపలేదు కానీ టీవీ వాళ్లు ఆగేలా లేరని పైవాళ్లు తొందరపడ్డారట.

మధ్యాహ్నం మార్కెట్ వైపు టపాకాయలు వినిపించాయి. రైతులు కాల్చారని ఛానెల్లో వేశారు. కాల్చింది కమీషన్ కొట్ల వాళ్లు. తరుగు మళ్లీ మొదలైందని వినోద్ చెప్పాడు.

మా ఆయన భోజనాల దగ్గర నెమ్మదిగా అన్నారు. "సుందరీ, నా రిటైర్మెంట్ సన్మాన పత్రంలో ఒక్క పొల్లు పడలేదని హెడ్మాస్టరుతో దెబ్బలాడిన దానివి."

"అయితే ఏమంటారు?"

"ఏమీ అనడం లేదే. గుర్తొచ్చింది, చెప్పాను."

మే 24, శనివారం

మేడమ్ వెళ్లిపోయారు. సన్మానం లేదు, దండ లేదు. ఒక సూట్‌కేసు, రెండు పుస్తకాల పెట్టెలు. కారు ఎక్కబోతూ ఆగి నన్ను పిలిచారు. అందరూ చూస్తున్నారు. ఇప్పుడు అడుగుతారు అనుకున్నాను. అడిగితే బాగుండు అనుకున్నాను, కడిగేసినా సరే.

"సుందరి గారూ, పళ్లు బాలసదనానికి వెళ్లింది కదా?"

వెళ్లాయి కదా అనాలి. నోటి దాకా వచ్చింది దిద్దడానికి. అప్పుడు అర్థమైంది ఏం అడుగుతున్నారో.

కాయల మాట అందరం మర్చిపోయాం. విచారణ అని ఆ గది తలుపు ఎవరూ తీయలేదు. "పంపిస్తామండీ" అన్నాను.

ఆవిడ తల ఊపి ఎక్కారు.

కారు వెళ్లాక తాళం తీశాను. వాసన ముఖం మీద కొట్టింది. రెండు రోజులు మగ్గాల్సినవి పన్నెండు రోజులు ఉన్నాయి. పైవి నల్లబడి నీరు కారుతున్నాయి, గడ్డి అంతా ఈగలు. అడుగున చేయి పెట్టి వెతికితే పదో పన్నెండో బాగున్నవి దొరికాయి. పిల్లలు నలభై మంది. ఆ పదో పన్నెండో ముందు పెట్టుకుని గడ్డిలోనే కూర్చుండిపోయాను. ఏడ్చాను. పళ్ల కోసమే అని చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

మే 25, ఆదివారం

బస్సులో హనుమాన్ జంక్షన్ వెళ్లి, అక్కడ అల్లుడు గారి వీధి వైపు చూడకుండా ఆటో ఎక్కి, బాపులపాడు వెళ్లాను. ఎందుకు అక్కడికే వెళ్లానంటే, ఎవరో ఒకరి ముఖం మీద చెప్పకపోతే మళ్లీ మాట మార్చేస్తానని భయం.

బసవపున్నారావు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. గోవిందమ్మ గారు కుర్చీ తెచ్చి వేసింది. ఆఫీసు నుంచి వచ్చానంటే ముఖం ముడుచుకుంది. "మళ్లీ ఏం కావాలమ్మా మీకు?"

ఏమీ మాట్లాడకుండా ఫోను తీసి వీడియో పెట్టాను. నలభై ఒక్క సెకన్లు. గడ్డి, కాయలు, నా గొంతు, నా ప్రశ్న, ఆవిడ మాట, ఆ నవ్వు.

పెద్దాయన ఇంకోసారి పెట్టమన్నారు. రెండోసారి చూసి ఒళ్లో చేతులు పెట్టుకున్నారు.

"నేను ముందే అనుకున్నానండీ. గడ్డిలో వేసిన కాయని నాలుగో రోజు నొక్కి చూసి, గట్టిగా ఉంటే ఇంకో రెండ్రోజులు మగ్గనివ్వండ్రా అంటాం. పుట్టిన కాడ్నుంచి అనే మాట. పోలీసోళ్లతో మాట్లాడేవాళ్లు మగ్గనివ్వండి అంటారా? లోపలెయ్యండి అంటారు, వదలొద్దు అంటారు. మైకు పట్టుకొచ్చిన అబ్బాయికి చెప్పాను కూడా. ఇది కాయ మాటలా ఉంది బాబూ అని. రికార్డు చేసుకున్నాడు."

జంక్షన్‌లో ఆ ఛానెల్ మైకు పట్టుకునేది మా అల్లుడు గారే. "ఆ అబ్బాయికి చెప్పారా?"

"చెప్పానండీ. అది రాలేదు. ఇదిగో, ఈవిడ తిట్టిందే వచ్చింది."

గోవిందమ్మ గారు అప్పటివరకు ఫోను వైపే చూస్తోంది. "ఇందులో ఆ గొంతు ఎవరిదమ్మా?"

"నాదేనండి."

"ఫోనూ మీదేనా?"

"నాదే."

"మరి ఇన్ని రోజులూ ఏం చేశారు?"

అల్లుడని చెప్పొచ్చు. కూతురి కాపురం అని చెప్పొచ్చు. ఆడమనిషి, అర్థం చేసుకునేదే. ఆవిడ ముందు ఆ మాటలు రాలేదు.

"ఆ పిల్లని నేను నానా మాటలూ అన్నాను" అంది గోవిందమ్మ గారు. "పేరు పెట్టి తిట్టాను. ఊరంతా చూశారు. మీరు ఇది దాచుకుని నా చేత తిట్టించారు కదమ్మా."

వచ్చేటప్పుడు పెద్దాయన గేటు దాకా వచ్చి ఆటో పిలిచారు. ఆవిడ రాలేదు.

మే 26

ఆఫీసుకి వెళ్లే ముందే అల్లుడు గారికి ఫోన్ చేశాను. తప్పించుకోకుండా ముందు ఆయనకే చెప్పాలనిపించింది.

"బాబూ, మొత్తం వీడియో ఏలూరు పంపుతున్నాను. నా స్టేట్‌మెంట్ మార్చి రాసిస్తున్నాను. ఈలోగా మీ ఛానెల్లో మీరే వేస్తే మీకే గౌరవం. పన్నెండింటి దాకా ఆగుతాను."

బండి శబ్దం వినిపించింది, పక్కన ఆపినట్టున్నారు.

"నేను వేస్తానన్నా డెస్క్ వెయ్యదండీ" అన్నారు. "మీ ఇష్టం అత్తయ్య గారూ."

పన్నెండు దాటాక ఇంకో పావుగంట ఆగాను. ఆయన కోసమా, నా పిరికితనం కోసమా తెలియదు. తర్వాత తెల్ల కాగితం తీసుకుని రాశాను. 'ఆ మాట నాతోనే అన్నారు. మామిడికాయల గురించి అన్నారు. వీడియో తీసింది నేను. మా ఇంటి గ్రూపులో పెట్టింది నేను. ఆ మాట ఆవిడకి నేర్పింది కూడా నేనే. 21వ తేదీన గుర్తు లేదని చెప్పింది అబద్ధం.' ఆ చివరి వాక్యం దగ్గర పెన్ను రెండుసార్లు ఆగింది. రాశాను.

పంపేశాను. వీడియో, కాగితం, రెండూ.

మే 27

రమ్య ఇంటి గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు ఆ గ్రూపులో మిగిలింది నేను, మా ఆయన, అల్లుడు గారు. అల్లుడు గారు ఎందుకు వెళ్లిపోలేదో మరి.

మే 29

ఛానెల్లో మధ్యాహ్నం మూడింటికి స్క్రోలింగ్ వచ్చింది. 'సబ్ కలెక్టర్ వ్యాఖ్యలు మామిడికాయలను ఉద్దేశించినవని విచారణలో వెల్లడి.' క్రికెట్ స్కోరుకీ బంగారం రేటుకీ మధ్యలో. రెండుసార్లు తిరిగి పోయింది. ఆ తొమ్మిది సెకన్లు మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. మా పాలవాడి ఫోన్లో కూడా ఉంది.

అల్లుడు గారి ఆర్డర్ ఆపేశారట. నాకు మెమో వచ్చింది, వారంలో జవాబివ్వాలి. మేడమ్ బదిలీ రద్దు చేయలేదు. ఏజెన్సీ వైపు ఎక్కడో పోస్టింగ్ ఇచ్చారు. గోవిందమ్మ గారు ఏలూరు వెళ్లి, తను అన్న మాటలు వెనక్కి తీసుకుంటానని వేలిముద్ర వేసి వచ్చిందట. ఆవిడని ఎవరూ పిలవలేదు. తనే వెళ్లింది.

నిన్న బాలసదనానికి బజార్లో కొన్న రసాలు తీసుకెళ్లాను. ఆ చెట్టువి కావు, చెప్పి మరీ ఇచ్చాను.

ఇప్పుడే మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. ఎప్పుడూ ఇంగ్లీషులో పెట్టే మనిషి, తెలుగులో పెట్టారు.

'సుందరి గారూ, మీ స్టేట్‌మెంట్ చదివాను. మీరు ఆలస్యంగా చెప్పారు.'

అలవాటు కొద్దీ తప్పు కోసం వెతికాను. మళ్లీ చదివాను. దిద్దడానికి ఏమీ లేదు.